ముందు డీటీపీ సెంటర్‌కి, తర్వాతే సాఫ్ట్‌వేర్‌కి

పుస్తకం రాయాలని గట్టిగానే అనుకున్నారు. కథల సంపుటో, నవలో, సర్వీసంతా ఏజెన్సీ బళ్లలో గడిపిన జ్ఞాపకాలో, మొత్తానికి రాయడానికి సరుకుంది. పిల్లలు వదిలేసిన లాప్‌టాప్ కూడా ఇంట్లో ఉంది. మరి దేంట్లో రాయాలి? వర్డ్‌లోనా, గూగుల్ డాక్స్‌లోనా, ఎవరో ఉచితమని చెప్పిన లిబ్రెఆఫీస్‌లోనా? ఈ ప్రశ్న దగ్గరే నెలల తరబడి ఆగిపోయినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

అడిగితే తలా ఒకటి చెబుతారు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు తన ఆఫీసులో వాడేదే గొప్పదంటాడు. యూట్యూబ్‌లో ఒకాయన నవలలు రాసేవాళ్ల కోసమే తయారైన స్క్రివెనర్ కొనమంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే మీ పుస్తకం ఎక్కడ అచ్చవుతుందో ఇద్దరికీ తెలియదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పేజీలు పెట్టించి, అక్కడే గానీ విజయవాడలో గానీ అచ్చు వేయించే పుస్తకానికి సాఫ్ట్‌వేర్ ఎంపిక ఆ చివరి నుంచి మొదలవ్వాలి. ముందు ఆ పేజీలు పెట్టే డీటీపీ సెంటర్‌వాళ్లను కలవండి. లాప్‌టాప్ తర్వాత తెరవచ్చు.

ఎందుకంటారా?

మన ఊళ్లలో చాలా డీటీపీ సెంటర్లలో ఈ రోజుకీ నడుస్తున్నది పేజ్‌మేకర్, దాంట్లో అను ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాన్ని తయారుచేసిన అడోబీ కంపెనీయే ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయి ఏళ్లు గడిచాయి. అయినా మనవాళ్లు వదల్లేదు. బద్ధకం వల్ల అనుకోకండి. వాళ్ల వేళ్లు ఆ కీబోర్డుకి అలవాటుపడ్డాయి. పెళ్లికార్డుల నుంచి పుస్తకాల దాకా పాత పనంతా ఆ ఫైళ్లలోనే ఉంది. పైగా అను అక్షరాల వాటం చూసి చూసి అలవాటైన రచయితలే, వేరే ఫాంట్‌లో ప్రూఫ్ ఇస్తే మొహం చిట్లిస్తారు.

చిక్కేమిటంటే, అను ఫాంట్‌లో మీకు ‘క’గా కనబడేది కంప్యూటర్ లెక్కలో ‘క’ కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన చోట్ల తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారంతే. ఆ ఫాంట్ లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే బొమ్మలు ఊడిపోయి పిచ్చి గుర్తులు మిగులుతాయి. యూనికోడ్‌లో అలా ఉండదు. ప్రతి తెలుగు అక్షరానికీ అక్కడ సొంత సంఖ్య ఉంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే మన లిపికి అందులో చోటు దక్కింది. మీ ఫోన్లో వాట్సాప్ మెసేజీ, ఫేస్‌బుక్ పోస్టు అన్నీ యూనికోడే. పేజ్‌మేకర్‌కి మాత్రం యూనికోడ్ తెలియదు. మీరు ఇంట్లో రాసేది ఒక పద్ధతి, పేజీలు పెట్టేది ఇంకో పద్ధతి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మీ రాత చెడిపోకుండా దాటాలి. ఏ సాఫ్ట్‌వేర్ అన్న ప్రశ్న దీని తర్వాతే.

1. వెళ్లి ఏం అడగాలి?

నాలుగు ప్రశ్నలు చాలు. పేజీలు దేంట్లో పెడతారు? యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు తెస్తే తీసుకుంటారా? దాన్ని మీ ఫాంట్‌లోకి కన్వర్ట్ చేశాక ప్రూఫులు ఎన్నిసార్లు ఇస్తారు? టైపింగ్ పని మీకు తప్పుతుంది కాబట్టి పేజీకి రేటెంత తగ్గిస్తారు? చివరి ప్రశ్నకి మొహమాటపడకండి. అది న్యాయమైన ప్రశ్నే.

“ఎందుకు మేస్టారూ మీకా అవస్థ, కాగితాల మీద రాసిచ్చీండి, మేం కొట్టీస్తాం” అని ఆపరేటరు అనొచ్చు. అది ఎంత హాయైన మాటో! నలభై పేజీల చిన్న పుస్తకమైతే ఒప్పేసుకోండి, ఈ వ్యాసం చదవడం కూడా ఇక్కడితో ఆపేయండి. నవలకీ, పెద్ద సంపుటికీ మాత్రం వద్దనే నా సలహా. చేతిరాత చూసి ఇంకొకరు కొట్టినప్పుడు చదవలేని చోటల్లా వాళ్లకి తోచిన మాట పడుతుంది. దాన్ని మీరు ప్రూఫులో పట్టుకోవాలి. దిద్దిన చోట ఇంకో తప్పు దూరుతుంది, మళ్లీ ప్రూఫు.

ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో నేరుగా పేజీలు పెట్టే సెంటరు దొరికితే అదృష్టమే. అక్కడ ఒక్కటి గుర్తుచేయండి. తెలుగుకి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోవాలి. లేకపోతే ఒత్తులు అక్షరం కింద ఉండాల్సినవి పక్కకి పడతాయి.

2. ఒక్క వాక్యంతో పరీక్ష పెట్టండి

ఏ సాఫ్ట్‌వేర్ అయినా, ఏ కన్వర్టర్ అయినా ఈ వాక్యం కొట్టి చూడండి:

లక్ష్మికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో దుఃఖమే తప్ప స్వాతంత్ర్యం లేదు.

మొదట దీన్ని కాపీ చేసి వాట్సాప్‌లో ఎవరికైనా పంపండి. వాళ్లకి తెలుగు కనబడితే మీరు రాస్తున్నది యూనికోడే. పిచ్చి గుర్తులు కనబడితే వెంటనే ఆపేయండి, ఎంత తక్కువ రాసుంటే అంత మంచిది. తర్వాత ఇదే వాక్యం డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్లి, వాళ్ల పద్ధతిలో మార్పించి, ఒక కాగితం మీద ప్రింటు తీయించండి. ‘క్ష్మి’ విడిపోయిందా? ‘స్వాతంత్ర్యం’లో త్ర్య నిలబడిందా? ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత వే విడిగా ఉందా, లేక దాని కాళ్ల కిందికి ఒత్తుగా వెళ్లిపోయిందా? అక్కడ కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. చాలా కన్వర్టర్లు దాన్ని మింగేస్తాయి. ఇంగ్లీషు మాటలు ఎక్కువ దొర్లే ఈ కాలపు కథలో అలాంటి చోట్లు వందల్లో ఉంటాయని ముందే తెలిస్తే ప్రూఫు ఎలా చూడాలో తెలుస్తుంది.

‘దుఃఖం’ మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టండి. విసర్గ ఎక్కడుందో తెలియక చాలామంది కోలన్ కొట్టేస్తారు. చూడ్డానికి తేడా ఉండదు. అలాగే సున్నా కోసం తెలుగు అంకె సున్నాని, ఇంకొందరైతే ఇంగ్లీషు ‘ఓ’ని వాడతారు. కంటికి అంతా ఒకటే. రేపు ఆ మాట కోసం వెతికితే మాత్రం దొరకదు.

3. సాఫ్ట్‌వేర్ కంటే కీబోర్డు ముఖ్యం

మూడొందల పేజీలు రాసేది మీ వేళ్లు. అందుకే కీబోర్డు ఎంపికకి ఎక్కువ టైమివ్వండి. ఫోన్లో, కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనవాళ్లు అదే కొనసాగించొచ్చు. లేఖిని అనే వెబ్‌సైటు ఆ పద్ధతిదే. కొత్త విండోస్‌లో ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగుతో పనిలేకుండా నేర్చుకోవాలనుకుంటే ఇన్‌స్క్రిప్ట్ మేలు. దాంట్లో అచ్చులు దాదాపుగా ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. మొదట్లో విసుగు పుడుతుంది. అలవాటయ్యాక చూడకుండా కొడతారు. నా ఓటు దానికే. ఏదైనా ఒకటి పట్టుకోండి, వారానికొకటి మార్చకండి.

4. సరే, ఇంతకీ ఏది?

మీరెవరో చెబితే నేనేది చెప్పాలో తెలుస్తుంది.

మీరు టెక్కలి నుంచి శ్రీకాకుళం రోజూ బస్సులో తిరిగే టీచరమ్మ అనుకుందాం. సగం రాత ఫోన్లోనే జరుగుతుంది. మీకు గూగుల్ డాక్స్. బస్సులో ఫోన్లో కొట్టింది రాత్రి ఇంట్లో లాప్‌టాప్‌లో కనబడుతుంది. ఖాతాతోపాటు 15 జీబీ చోటు ఉచితం. కథల సంపుటికి అది లెక్కలోకే రాదు. విజయనగరంలో ఉన్న స్నేహితురాలికి లింకు పంపితే ఆమె పక్కన వ్యాఖ్యలు రాయగలదు. రెండు జాగ్రత్తలు. ఊరు దాటాక సిగ్నల్ పోతుంది కాబట్టి ఆఫ్‌లైన్ సౌకర్యం ముందే ఆన్ చేసి పెట్టుకోండి, సిగ్నల్ పోయాక చేసుకుందామంటే కుదరదు. నవలంతా ఒకే ఫైలులో పెట్టకండి, పేజీలు పెరిగేకొద్దీ ఫోన్ నత్తనడక నడుస్తుంది. అధ్యాయానికొక ఫైలు చేసుకోండి.

మీరు పాలకొండలో రిటైరైన ఉద్యోగి, ఇంట్లో పాత లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఉన్నట్టు. మీకు లిబ్రెఆఫీస్ రైటర్. డబ్బు కట్టక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌లో పుస్తకమే కాదు, ఏ పెద్ద పత్రమైనా నిశ్చింతగా రాయొచ్చు. దాని సొంత ఫైలు రకం ఓడీటీ. మీరు దాంట్లోనే దాచుకోండి, బయటకి ఇచ్చేటప్పుడు మాత్రం సేవ్ యాజ్‌తో వర్డ్ రకానికి మార్చి ఇవ్వండి.

లాప్‌టాప్‌లో వర్డ్ ఇప్పటికే ఉందా? అయితే ఆలోచనే వద్దు, దాంట్లోనే రాయండి. సంపాదకులు దిద్దుబాట్లు గుర్తుపెట్టి పంపడానికి అందరికీ అలవాటైనది అదే. లేకపోతే ఈ ఒక్క పుస్తకం కోసం ఏటా చందా కట్టక్కర్లేదు.

స్క్రివెనర్? నాలుగు తరాల కథ, వంద పాత్రలు, మీ బల్ల మీద చీటీల గుట్ట ఉంటే సరే. మిగతావాళ్లకి అనవసరం. ఎలాగూ చివరికి వర్డ్ ఫైలుగా బయటకి తీయాల్సిందే.

ఏది ఎంచుకున్నా ఈ తప్పులు మాత్రం చేయకండి. కొత్త పేజీ కోసం ఎంటర్ ఇరవైసార్లు నొక్కకండి, కంట్రోల్‌తో కలిపి ఒక్కసారి ఎంటర్ కొడితే చాలు. పేరా మొదట్లో జాగా కోసం స్పేస్‌లు కొట్టకండి. కథల పేర్లని లావుపాటి అక్షరాలతో చేత్తో పెట్టకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి, విషయసూచిక అదే తయారవుతుంది. డెమ్మీ సైజు పేజీ, హెడర్లు, పూల బోర్డర్లు పెట్టుకుని రాయడం మొదలెట్టే వాళ్లున్నారు. అదంతా పేజీలు పెట్టేవాళ్లు తీసి పారేస్తారు. ఫాంట్ మీ కంటికి నచ్చింది పెట్టుకోండి. సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. గంటలకొద్దీ చదవడానికి నాకు మండలి బాగుంటుంది. గిడుగు, గురజాడ పేర్లతోనూ ఫాంట్లున్నాయి. మన వైపు రచయితలు ఒకసారైనా వేసి చూస్తారని తెలిసే పెట్టారేమో!

5. మన మాట మన మాటలా ఉండాలంటే

ప్రామాణిక తెలుగులో రాసేవాళ్లకంటే శ్రీకాకుళం యాసలో రాసే మీకు ఒక కష్టం ఎక్కువ. మీ పాత్ర “నానేటి సేసీది, ఆడు నిన్ననే ఎలిపోనాడు” అంటుంది. వర్డ్ దాని కింద ఎర్ర గీతలు గీస్తుంది. ఫోన్ ఇంకో అడుగు ముందుకేసి ‘నేనేమి’ అని సరిదిద్దేస్తుంది. మైకులో చెప్పి రాయిస్తే మరీ దారుణం, మీ నోట్లో శ్రీకాకుళం ఉంటుంది, తెర మీద వార్తలు చదివే తెలుగు పడుతుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు మాట్లాడే భాషే రాయాలని జీవితమంతా పోరాడితే, ఇప్పుడు ఆయన్ని వ్యతిరేకించిన పండితుల పని ఫోన్ చేస్తోంది.

సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుని లాభం లేదు. ఇలా చేయండి. రాసే ఫైలులో స్పెల్‌చెక్ ఆపేయండి. ఫోన్ కీబోర్డులో ఆటో కరెక్షన్ ఆపండి, సలహాలు చూపించడం వరకు ఉంచుకోవచ్చు. మైకు వాడాలనుకుంటే కథనం వరకే వాడండి, సంభాషణలు చేత్తోనే కొట్టండి.

తర్వాతది చాలామంది చేయరు. ఒక కాగితం మీద మీ యాస పట్టిక రాసుకోండి. ఎలిపోనాడా, ఎల్లిపోనాడా? వొచ్చీసినాడా, వచ్చీసినాడా? పాత్ర పాత్రకి తేడా ఉండాలనుకుంటే అదీ రాయండి: తాత ‘నాను’ అంటాడు, బడికెళ్లిన మనవడు ‘నేను’ అంటాడు. ఏ రూపమైనా పెట్టుకోండి, పుస్తకమంతా అదే ఉండాలి. ఈ కాగితం డీటీపీ ఆపరేటరుకీ ప్రూఫు చూసేవాళ్లకీ ఇవ్వండి. పైన పెద్దక్షరాలతో ‘ఇవి తప్పులు కావు’ అని రాయండి. అలా రాయకపోతే ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే మీ తాతచేత గ్రాంథికం మాట్లాడించేస్తారు. శ్రీకాకుళంలో 1922లో పుట్టిన రావిశాస్త్రి కథల్లో మనుషులు ఇప్పటికీ చెవిన పడుతున్నారంటే వాళ్ల మాట అచ్చులో చెడకపోవడమూ ఒక కారణమే.

6. ‘రీప్లేస్ ఆల్’ నొక్కేముందు

నవల సగంలో రాము పేరు సోముగా మారుద్దామనుకున్నారు. వెతుకు, మార్చు, అన్నీ ఒకేసారి. ఎంత సుఖం! తీరా చూస్తే ఇంటికొచ్చిన అరకిలోగ్రాము పప్పు ‘అరకిలోగ్సోము’ అయి కూర్చుంటుంది. తెలుగు యూనికోడ్‌లో ‘గ్రా’ లోపల ‘రా’ దాగి ఉంటుంది మరి. రాములమ్మ కూడా సోములమ్మ అవుతుంది. ఒక్కో చోటా చూసి మార్చండి. ఇంకో కప్పు టీ ఖర్చు, అంతే.

7. పాత కథలు కొత్త ఫైలులోకి

మీది ఇరవై ఏళ్లుగా పత్రికల్లో వచ్చిన కథల సంపుటి అయితే సమస్య వేరు. సగం కత్తిరింపులు చెదలు తినేశాయి, మిగతా సగం ఎవరికో ఇచ్చారు. శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకి ఈ విషయంలో ఉన్న సౌకర్యం ఇంకెక్కడా లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన కథానిలయం శ్రీకాకుళంలోని విశాఖ ఏ కాలనీలోనే ఉంది. తెలుగు పత్రికల్లో వచ్చిన కథలు పోగుచేసి పెట్టిన చోటది. మీ కథ మీ దగ్గర లేకపోయినా అక్కడ ఉండే అవకాశం ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లోనూ రచయిత పేరుతో వెతకొచ్చు.

ప్రతి దొరికాక మళ్లీ టైపు చేయక్కర్లేదు. పేజీని నీడ పడకుండా, వంకర లేకుండా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. ఆ ఫొటోని గూగుల్ డాక్స్‌తో తెరవమని చెబితే బొమ్మ కింద అక్షరాలు యూనికోడ్‌లో వచ్చేస్తాయి. అచ్చు శుభ్రంగా ఉంటే చాలా వరకు సరిగ్గా చదువుతుంది. మాసిపోయిన అచ్చులో మ, వ, ప, ష లాంటివి తారుమారవుతాయి. రెండు కాలమ్‌ల పేజీని నిలువునా సగానికి కత్తిరించి ఇవ్వండి, లేకపోతే ఎడమ వరుస, కుడి వరుస కలిపి చదివేస్తుంది. పాత కాగితం పక్కన పెట్టుకుని పైకి చదువుతూ దిద్దడం మాత్రం తప్పదు. చదువుతుంటే కథలో మార్చాలనిపిస్తుంది. ముందు ఉన్నది ఉన్నట్టు దిద్ది ఒక ప్రతి దాచాక, అప్పుడు మార్చుకోండి.

8. దాచుకోవడం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కూడా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లలో లాప్‌టాప్‌లో ఉన్న రాత లాప్‌టాప్‌లోనే, నెట్‌లో ఉన్నది నెట్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి రెండు చోట్లా ఉండాలి. మూడోది ఒక పెన్‌డ్రైవ్, అది మీ ఇంట్లో కాకుండా అన్నయ్యగారింట్లోనో ఇంకెక్కడో ఉంటే మరీ మంచిది. ఆదివారం ఆదివారం కాపీ చేయండి.

ఫైలు పేర్లలో తేదీ పెట్టండి. ‘నవల ఫైనల్’, ‘నవల ఫైనల్ కొత్తది’, ‘నవల అసలు ఫైనల్’ అన్న మూడింటిలో ఏది ముందో మీరే చెప్పలేరు. పాతవి చెరపకండి. గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని దాదాపు కొత్త నాటకమనిపించేంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. రెండూ మిగిలాయి కాబట్టే ఆయన ఏం తీసేశారో, ఏం పెంచారో మనం చూడగలుగుతున్నాం. మీ తీసివేతలు కూడా ఎప్పుడో మీకే పనికొస్తాయి, కొట్టేసిన పాత్ర ఇంకో కథలోకి వస్తానంటుంది.

9. ఇచ్చేటప్పుడు, తెచ్చుకునేటప్పుడు

అన్ని అధ్యాయాలూ ఒక్క వర్డ్ ఫైలుగా చేసి, దాంతోపాటు పీడీఎఫ్ కూడా ఇవ్వండి. మార్పిడిలో ఎక్కడైనా అక్షరం చెడితే అసలు ఏముండాలో పీడీఎఫ్ చూసి ఆపరేటరు తేల్చుకుంటాడు. యాస పట్టిక మరచిపోకండి. ఒక్క అధ్యాయం మాత్రం ముందు పేజీల్లో పెట్టించి చూడండి. దాన్ని బట్టి మొత్తం ఎన్ని పేజీలవుతుందో లెక్క తేలుతుంది. ఫారానికి 16 పేజీలు కాబట్టి 16 ఫారాలంటే 256 పేజీలు. మీ లెక్క 259కి వస్తే మూడు పేజీలు తగ్గించుకోవాలా, ఇంకో ఫారం ఖర్చు పెట్టుకోవాలా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు. ముందుమాటలు రాసే పెద్దల సంఖ్య తగ్గించడం ఒక మార్గం.

ఇక ప్రూఫులు. మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, ఆఖరి నిమిషంలో ఫోన్ చేసి చెప్పిన మార్పులు, ఇవన్నీ పేజ్‌మేకర్ ఫైలులో పడతాయి. మీ ఇంట్లో ఉన్న యూనికోడ్ ఫైలు అప్పటికి పాతబడిపోయింది. ఏడాది తర్వాత ఎవరో ఈ-బుక్ చేద్దామంటారు, ఏదో పత్రిక ఒక కథ పునర్ముద్రిస్తామంటుంది. మీరు ఆ పాత ఫైలు పంపుతారు, దిద్దిన తప్పులన్నీ మళ్లీ బయటికొస్తాయి. అందుకే ప్రూఫు మీద ఎర్ర పెన్నుతో పెట్టిన ప్రతి గుర్తునీ అదే రాత్రి మీ ఫైలులో కూడా దిద్దండి. పుస్తకం అచ్చయ్యాక డీటీపీ సెంటర్ నుంచి ముద్రణకు పంపిన పీడీఎఫ్‌నీ, పేజ్‌మేకర్ ఫైలునీ అడిగి తెచ్చుకోండి. డబ్బు చెల్లించేముందు అడిగితే సులువుగా ఇస్తారు.